వాలు మీద బడి పెట్టిన హానెస్ ష్నైడర్



వార్షిక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం వాళ్లు అడిగినప్పుడు, ఎవరి గురించి రాయాలో తోచక వారం రోజులు ఊరకే ఉండిపోయాను. గాంధీ మహాత్ముని గురించి, సి.వి. రామన్ గారి గురించి, మన రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి రాసేవాళ్లు ఏటా ఉంటారు. ఉండాలి కూడా. నేను ఎన్నుకున్న మనిషి మన దేశం వాడు కాడు, మన భాష వాడు కాడు. ఆయన పేరు హానెస్ ష్నైడర్. ఆస్ట్రియా దేశపు ఆల్ప్స్ కొండల్లో 1890లో పుట్టి, కాళ్లకు పొడవాటి బద్దలు కట్టుకొని మంచు వాలు మీద జారే స్కీయింగ్ విద్యను, పిరికివానికి కూడా వచ్చేటట్లు నేర్పే పద్ధతి కనిపెట్టినవాడు. 1955లో కన్నుమూశాడు. ఏప్రిల్ నెలలో నంద్యాల బస్టాండులో కాలు పెడితే చెప్పులు అంటుకుపోతాయి, ఇక్కడ మంచు సంగతి ఎందుకని నవ్వే మిత్రులు కొంచెం ఓపిక పట్టి చివరిదాకా చదవాలని మనవి.

మాది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె. సేద్యం చేసుకొని బతికే ఇల్లు. మా చిన్నాయన ఒకాయన మిలిటరీలో పనిచేసి వచ్చినాడు. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో 1948లో స్కీ బడిగా మొదలై, తరువాత మంచుకొండల యుద్ధవిద్య నేర్పే పెద్ద పాఠశాలగా ఎదిగిన సైనిక శిక్షణాలయం ఉంది. అక్కడ ఒక చలికాలం ఆయనకు స్కీయింగ్ నేర్పినారు. జొన్నచేను తప్ప తెల్లటిదేదీ ఎరగని మనిషి, మోకాళ్లలోతు మంచులో నిలబడి ఏడ్చినంత పని చేసినాడట. వేసవి రాత్రుళ్లు మిద్దె మీద పండుకొని ఆయన ఆ కథ చెబుతుంటే మేము నోరు తెరుచుకొని వినేవాళ్లం. ఆయనకు నేర్పిన హవల్దారు ఎప్పుడో ష్నైడర్ పేరు చెప్పినాడట. ఆ పేరు చిన్నాయనకు సరిగ్గా నోరు తిరిగేది కాదు. నేను డిగ్రీకి నంద్యాల వచ్చిన తరువాత ఆ పేరు వెదికి, దొరికినంత చదివినాను. ఈ వ్యాసం అట్లా పుట్టింది.

ముందు వాలు సంగతి చెప్పాలి. ఆస్ట్రియాలో స్కీ వాలులకు రంగులు ఉన్నాయి. 100 మీటర్లు అడ్డంగా పోయేసరికి 25 మీటర్లకు మించి దిగనిది నీలం, 40 మీటర్లకు మించనిది ఎరుపు, అంతకన్నా నిటారుగా ఉంటే నలుపు. నీలం కొత్తవాళ్లది. ఎరుపు కొంత నేర్చినవాళ్లది. నలుపు గట్టివాళ్లది. మన ఫిజిక్సు లెక్క వేస్తే ఎర్ర వాలు దాదాపు 22 డిగ్రీల కోణం అవుతుంది. మనిషి బరువులో మూడో వంతు కన్నా ఎక్కువే ఆ మనిషిని కిందికి లాగుతూ ఉంటుంది. ఘర్షణ లేదు, గాలి అడ్డం లేదు అనుకుంటే, నిలువున 100 మీటర్లు దిగేసరికి గంటకు 160 కిలోమీటర్ల వేగం వస్తుంది. కాబట్టి వాలు దిగడమంటే జారడం కాదు, జారుడును అదుపులో పెట్టుకోవడం.

ఆ అదుపుకు అడ్డం వచ్చేది మన భయమే. భయం వేస్తే మనిషి వెనక్కి, కొండ వైపుకు వాలుతాడు. అట్లా వాలితే బరువంతా స్కీ తోక మీద పడుతుంది. ముందు కొన తేలిపోయి మాట వినదు. వెనక్కి వాలినవాడే ముందుగా పడతాడు. ధైర్యం చేసి లోయ వైపుకు, మోకాళ్లు వంచి ముందుకు ఒరిగినవాడికి స్కీ కొన మంచును పట్టుకుంటుంది, తిప్పిన వైపు తిరుగుతుంది. ఈ మాట నేను పుస్తకంలో చదవకముందే అహోబిలంలో నేర్చుకున్నాను. ఇంటర్ చదివేటప్పుడు మా వాళ్లతో ఉగ్రస్తంభం ఎక్కినాను. ఎక్కడం సులువే. దిగేటప్పుడు కాళ్ల కింద రాళ్లు దొర్లుతుంటే గుండె జారిపోయి, కూర్చొని చేతులతో పాక్కుంటూ దిగబోయినాను. రెండుసార్లు జారి అరచేతులు చీరుకుపోయినాయి. చిన్నాయన నా భుజం పట్టి లేపి, మోకాళ్లు వంచి కిందికే చూస్తూ దిగమన్నాడు. గుల్మార్గ్‌లో తనకు నేర్పింది అదేనని ఆ రోజే చెప్పినాడు. ఆశ్చర్యం ఏమిటంటే నిజంగానే కాలు నిలిచింది.

ఇక ష్నైడర్ కథకు వస్తాను. ఆర్ల్‌బర్గ్ అనే కనుమ కింద స్టూబెన్ అనే చిన్న పల్లెలో, 1890 జూన్ నెలలో, చీజు తయారుచేసే ఒకాయన ఇంట పుట్టాడు. సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో చలికాలం వచ్చిందంటే ఇంటి కిటికీల దాకా మంచు పేరుకుంటుంది. ఆవులు కొట్టంలో, మనుషులు పొయ్యి దగ్గర. 1884లో ఆర్ల్‌బర్గ్ కొండను తొలిచి 10 కిలోమీటర్ల పైన పొడవున్న రైలు సొరంగం వేసిన తరువాత, కనుమ దారిలో బండ్లు నడిపి బతికిన ఊళ్లకు ఆ బతుకుతెరువు కూడా తగ్గిపోయింది. హైవే ఊరి బయట నుంచి పోయిన తరువాత మన పల్లెల్లో టీ అంగళ్లు ఎట్లా ఎత్తిపోయినాయో తలచుకుంటే ఆ సంగతి మనకు అర్థమవుతుంది. కొడుకు కూడా తన పని నేర్చుకుంటాడని తండ్రి అనుకొని ఉండవచ్చు.

అట్లాంటి ఊరికి బ్రెగెంజ్ పట్టణం నుంచి విక్టర్ సోమ్ అనే ఆయన స్కీలు వేసుకొని వచ్చినాడు. అంతవరకు ఆ పిల్లలకు చలికాలం అంటే చెర. మంచు మీద పక్షి మాదిరి పోయే మనిషిని చూసిన తరువాత హానెస్‌కు నిద్ర పట్టలేదు. దొరికిన కట్టెలతో సొంతంగా స్కీలు చేసుకొని జారడం మొదలుపెట్టాడు. వాని పట్టుదల చూసి సోమ్ ఆ పిల్లవాణ్ణి చేరదీసి నేర్పినాడు. 1907లో, 17 ఏళ్ల వయసులో, కనుమకు అవతల ఉన్న సెయింట్ ఆంటన్ ఊళ్లో పోస్ట్ హోటల్ యజమాని కార్ల్ షూలర్ ఆ కుర్రవాణ్ణి తన అతిథులకు స్కీయింగ్ నేర్పే పనిలో పెట్టుకున్నాడు. మన వయసు కన్నా మూడేళ్లు చిన్నవాడు ఆనాటికి.

అప్పటికి స్కీయింగ్ లేదని కాదు. నార్వే దేశస్థులు వందల ఏళ్లుగా చేస్తున్నదే. కానీ వాళ్ల పద్ధతి వాళ్ల మెత్తటి కొండలకు తగినది. నిటారుగా నిలబడి, ఒక కాలు ముందుకు చాచి అందంగా తిరుగుతారు. ఆల్ప్స్‌లోని నిటారు వాలుల మీద ఆ అందం నిలవలేదు. ఆస్ట్రియాలోనే మథియాస్ జ్డార్‌స్కీ అనే పెద్దమనిషి ఆల్ప్స్‌కు తగినట్లు ఒక స్కీని పక్కకు తోసి వేగం తగ్గించే పద్ధతి ముందే తెచ్చాడు. ఇంత తెలిసినా స్కీయింగ్ అనేది పుట్టుకతో వచ్చేదని, రానివానికి రాదని అప్పట్లో చాలామంది నమ్మకం. ష్నైడర్ రెండు పద్ధతులనూ చూశాడు, పడ్డాడు, లేచాడు. ఒళ్లు కిందికి వంచి, మోకాళ్లు ముడిచి, బరువు ముందుకు వేసి దిగితే నిటారు వాలు మీద కూడా వేగం చేతిలో ఉంటుందని తెలుసుకున్నాడు. చూడటానికి అది అందంగా లేదని నవ్వినవాళ్లు ఉన్నారు. ఆయన పట్టించుకోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరిన ష్నైడర్‌కు ఇటలీ సరిహద్దు కొండల్లో సైనికులకు స్కీయింగ్ నేర్పే పని పడింది. ఆయన జీవితంలో ఇది పెద్ద మలుపని నాకు అనిపిస్తుంది. హోటలుకు వచ్చే అతిథి తనకు రాకపోతే నవ్వి ఇంటికి పోతాడు. సైనికునికి రాకపోతే ప్రాణం పోతుంది. వచ్చేవాళ్లలో తెలివైనవాళ్లు, మొద్దులు, పిరికివాళ్లు, అందరూ ఉంటారు. అందరికీ రావాలి, తొందరగా రావాలి. అక్కడ ఆయనకు విద్యను ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క వచ్చిన తరువాతనే రెండో ముక్క ఇచ్చే అలవాటు గట్టిపడింది.

యుద్ధం తరువాత 1920ల మొదట్లో సెయింట్ ఆంటన్‌లో ఆ అలవాటునే బడిగా మార్చాడు. వచ్చినవాళ్లను డబ్బును బట్టి గాని, హోదాను బట్టి గాని కాకుండా, వాళ్లకు వచ్చిన విద్యను బట్టి తరగతులుగా విడదీశాడు. మొదటి పాఠం పేరు వింటే మన రైతుబిడ్డలకు నవ్వు వస్తుంది. దాని పేరు మంచు మడక. రెండు స్కీల ముందు కొనలు దగ్గరకు చేర్చి, వెనుక తోకలు దూరంగా తోసి, లోపలి అంచులతో మంచును గీసుకుంటూ మెల్లగా దిగడం. పైనుంచి చూస్తే అచ్చం మడక కర్రు మాదిరి ఉంటుంది. అది వచ్చిన తరువాత, మడక ఆకారంలోనే ఉండి ఒక కాలి మీద బరువు వేసి తిరగడం. ఆ తరువాత ఒక స్కీని మాత్రమే పక్కకు తోసి తిరగడం. చివరకు మడకగా మొదలుపెట్టి, మలుపు మధ్యలో రెండు స్కీలను సమానంగా చేర్చి, ఒకే ఊపులో దిగడం. నీలం వాలు నుంచి ఎర్ర వాలుకు, ఎర్ర వాలు నుంచి నల్ల వాలుకు మనిషిని చేర్చే మెట్లు ఇవే. లోకమంతా దీన్ని ఆర్ల్‌బర్గ్ పద్ధతి అన్నది.

ఇంకొక మాట కూడా మన సేద్యానికి దగ్గరగా ఉంది. ఏ వాలు మీదనైనా నీళ్లు పోస్తే అవి ఏ గీత వెంట కిందికి పారతాయో, ఆ గీతే స్కీయింగ్‌లో అన్నిటికన్నా వేగమైన దారి. ఆ గీతకు అడ్డంగా తిరిగితే వేగం తగ్గుతుంది, గీత వెంట తిప్పితే పెరుగుతుంది. కాబట్టి దిగేవాడు ఆ గీతను అటూ ఇటూ దాటుతూ, పాము పోయినట్లు దిగుతాడు. మా నాయన మెట్ట చేనులో వాలుకు అడ్డంగా మడక కడతాడు. వాలు వెంట సాలు తోలితే వానకు మన్నంతా కొట్టుకుపోతుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్లను నిలిపేదీ, మనిషిని నిలిపేదీ ఒకటే సూత్రం.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. డిగ్రీ మొదటి సెమిస్టరులో పాఠం ఇంగ్లీషులో సాగుతుంటే సగం నాకు అర్థమయ్యేది కాదు. రెండు పేపర్లు పోయినాయి. ఆ ఏడే మా పత్తికి గులాబీరంగు పురుగు పడింది. చదువు అబ్బేవాళ్లకే అబ్బుతుంది, మన ఇంటా వంటా లేనిది మనకెందుకు, చేను చూసుకుందామని పుస్తకాలు మూట కట్టి ఊరికి పోయినాను. ఉగ్రస్తంభం మీద కూర్చొని పాకినట్లే అది కూడా వెనక్కి వాలడమని అప్పుడు తోచలేదు. మా నాయన ఏమీ అనలేదు. మా చిన్నాయన మాత్రం గుల్మార్గ్‌లో తాను 11 రోజులు మంచు మడక దగ్గరనే ఆగిపోయిన సంగతి, తన జట్టంతా పైవాలుకు పోయినా హవల్దారు తనను కిందనే ఉంచి రోజూ అదే పాఠం చెప్పిన సంగతి చెప్పినాడు. పన్నెండో రోజు వచ్చిందట. నేను తిరిగి వచ్చినాను. ఒక లెక్చరర్ గారు సాయంత్రం పూట నన్ను, నా వంటి మరి నలుగురిని కూర్చోబెట్టుకొని, ప్లస్ వన్ లెక్కల దగ్గర నుంచి మొదలుపెట్టించినారు. అది మాకు మంచు మడక. పోయిన పేపర్లు రెండూ తరువాత పాసైనాను.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల దగ్గర కూడా ఇదే చూస్తాం. కొత్తగా చేరిన పిల్లవానికి మొదటి రోజే దేవుని కన్ను తీర్చమని ఉలి ఇవ్వరు కదా.

ష్నైడర్ పేరు సినిమాలతో ఇంకా దూరం పోయింది. ఆర్నోల్డ్ ఫాంక్ అనే దర్శకుడు ఆయన చేత 1920 నుంచి మంచుకొండల చిత్రాల్లో నటింపజేశాడు. 1930లో జపాను వాళ్లు పిలిపించుకొని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆయనకు దొరికిన ఒక స్నేహితుని గురించి మనం తప్పక తెలుసుకోవాలి. ఆర్నోల్డ్ లన్ అనే ఆ ఇంగ్లీషు ఆయన 1888లో పుట్టింది మన మద్రాసులో. అప్పటికి మన నంద్యాల, ఆళ్లగడ్డ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలమ్ పందేనికి నేటి రూపం 1922లో ఇచ్చింది ఆయనే. లన్, ష్నైడర్ కలిసి 1928లో సెయింట్ ఆంటన్‌లో ఆర్ల్‌బర్గ్ కాండహార్ అనే పందెం ప్రారంభించారు. 1937లో ఆ ఊరి నుంచి గాల్జిగ్ కొండ మీదికి తీగబండి వేశారు. చీజు చేసేవాని కొడుకు వల్ల ఒక బీద కనుమ లోకప్రసిద్ధి పొందింది.

అప్పుడు వచ్చింది 1938 మార్చి. హిట్లరు సైన్యం ఆస్ట్రియాను కలిపేసుకున్నది. ష్నైడర్ నాజీలకు తలవంచని మనిషి అని ఊరందరికీ తెలుసు. సెయింట్ ఆంటన్ అభివృద్ధికి ఆయనతో కలిసి పాటుపడిన రుడాల్ఫ్ గోంపెర్జ్ అనే ఇంజనీరు యూదు వంశీకుడు. ఆ స్నేహాన్ని ష్నైడర్ దాచుకోలేదు. నాజీలు ఊళ్లోకి వచ్చీ రాగానే ఆయనను పట్టుకొని లాండెక్ జైలులో పెట్టారు. ఆయనకు అప్పటికి 47 ఏళ్లు. పేరు, బడి, ఇల్లు, అన్నీ ఒక్క రాత్రిలో పోయినాయి. కొద్దిగా మెత్తబడి ఆ పార్టీకి ఒక నమస్కారం పెట్టి ఉంటే ఆయన బడి ఆయనకే ఉండేదేమో. ఆయనతో సినిమాలో నటించిన లేనీ రీఫెన్‌స్టాల్ హిట్లరుకు ప్రచార చిత్రాలు తీసి వెలుగుతున్న రోజులు అవి. ఆయన ఆ దారి పట్టలేదు.

ఆ వారంలోనే సెయింట్ ఆంటన్‌లో ఆర్ల్‌బర్గ్ కాండహార్ పందెం జరగవలసి ఉంది. ఆటగాళ్లు దిగి ఉన్నారు. స్నేహితుడు జైలులో ఉండగా పందెం లేదని లన్ రద్దు చేశాడు. మద్రాసులో పుట్టిన మనిషి చేసిన ఆ పని చదివినప్పుడు నాకు ఎందుకో సొంతవాళ్లు చేసినంత సంతోషం కలిగింది.

కొన్ని వారాలకు ష్నైడర్‌ను జైలు నుంచి విడిచి, జర్మనీలోని గార్మిష్ అనే ఊళ్లో కాపలా మధ్య ఉంచారు. అమెరికాలోని నార్త్ కాన్వే ఊరివాడైన హార్వే గిబ్సన్ అనే బ్యాంకు అధిపతి నాజీలతో బేరసారాలు నడిపి ఆయనను విడిపించాడు. 1939 ఫిబ్రవరిలో భార్యాబిడ్డలతో ఆయన నార్త్ కాన్వేలో రైలు దిగితే, ఊరి పిల్లలు, పెద్దలు స్కీ కర్రలు పైకెత్తి తోరణం కట్టి దాని కింద నడిపించుకొని పోయినారు. వెనుక ఉండిపోయిన గోంపెర్జ్‌కు అట్లాంటి తోరణం దక్కలేదు. 1942లో ఆయనను తూర్పుకు తరలించి, మిన్స్క్ పట్టణం దగ్గర చంపేశారు. ఒకే ఊరికి పాటుపడిన ఇద్దరిలో ఒకరు బతికి, ఒకరు బతకకపోవడానికి వాళ్ల గొప్పతనంలో తేడా ఏమీ లేదు. ఒకరి కోసం అడిగేవాడు ఉన్నాడు, రెండోవాని కోసం వచ్చిన చేయి లేదు.

నార్త్ కాన్వేలోని క్రాన్‌మోర్ ఆల్ప్స్ ముందు ఒక గుట్ట వంటిది. 48 ఏళ్ల వయసులో, భాష కొత్త అయిన చోట, ష్నైడర్ ఆ గుట్ట మీద మళ్లీ బడి పెట్టాడు. మళ్లీ మొదటి పాఠం మంచు మడకే. బోస్టన్ నుంచి రైళ్లలో గుమాస్తాలు, విద్యార్థులు, ఆడవాళ్లు, పిల్లలు వచ్చి నేర్చుకున్నారు. ఆయన కొడుకు హెర్బర్ట్ అమెరికా సైన్యంలోని 10వ పర్వత దళంలో చేరి ఇటలీ కొండల్లో హిట్లరు సైన్యం మీద పోరాడినాడు. తండ్రి మొదటి యుద్ధంలో నేర్పిన విద్య, కొడుకు రెండో యుద్ధంలో ఎదుటి పక్షం నుంచి వాడినాడు. 1955 ఏప్రిల్‌లో నార్త్ కాన్వేలోనే ష్నైడర్ చనిపోయాడు. ఏటా క్రాన్‌మోర్‌లో ఆయన పేరు మీద పందెం జరుగుతూ ఉన్నది.

మిత్రులారా, మా నాయనకు ఇప్పుడు సరిగ్గా 48 ఏళ్లు. పత్తి పోయిన మరుసటి ఏడు ఆయన అదే చేనులో, వాలుకు అడ్డంగా, మళ్లీ మడక కట్టినాడు. శనగ వేసినాడు. ష్నైడర్ గురించి ఆయనకు చెప్పినప్పుడు, కొత్త గుట్ట మీద మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టిన చోట మాత్రం ఆగి, ఇంకోసారి చెప్పించుకున్నాడు.

నేను మంచు చూస్తానో లేదో తెలియదు. కానీ ఈ ఏడు సెలవుల్లో మా ఊరి చావిడిలో పదో తరగతి తప్పిన పిల్లలు ఆరుగురికి లెక్కలు చెప్పినాను. మొదటి రోజు వాళ్లందరూ గోడకు ఆనుకొని, వెనక్కి వాలి కూర్చున్నారు. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. పుస్తకం పక్కన పెట్టి, ఆరో తరగతి భిన్నాల దగ్గర నుంచి మొదలుపెట్టినాను. పదిహేను రోజులకు నలుగురు ముందుకు జరిగినారు. మిగిలిన ఇద్దరికీ ఇంకా మడక పాఠమే నడుస్తున్నది. దసరా సెలవులకు పోయినప్పుడు మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.